పొత్తు కొరికిన పొద్దు

టక్‌మంది.

చిన్నోడు నమలడం ఆపేశాడు. నాలుకతో తడిమి చూసుకున్నాడు. పై వరసలో ఎడమ కోరపన్నుకు అంటుకుని ఉండాల్సిన క్లిప్పు ఊడిపోయి, తీగ పట్టుకుని ఉయ్యాలూగుతోంది. తీగ కొస బుగ్గలో గుచ్చుకుంటోంది.

చేతిలో మొక్కజొన్న పొత్తు ఇంకా సగముంది. గడియారంలో ఎనిమిదింబావు అయింది. పదిన్నరకు స్కూల్లో ప్రసంగం. హాలు నిండా పిల్లలు, ముందు వరసలో టీచర్లు. ఇందుకోసం వారం రోజులుగా అద్దం ముందు చేతులూపుతూ బట్టీపట్టాడు. ఇప్పుడు మెల్లిగా మొదటి ముక్క అని చూసుకున్నాడు.

“అందరికీ నమథ్కారం.”

మళ్ళీ అని చూసుకున్నాడు. మళ్ళీ అదే.

“వంటింటి తలుపు వెనకాల ఏం చేస్తున్నావురా?” అమ్మ గొంతు.

“ఏం లేదమ్మా.”

“ఏం లేనివాడికి చెయ్యి వీపు వెనక్కెందుకు పోయింది? తియ్యి.”

తీశాడు. అమ్మ పొత్తును చూసింది, తర్వాత వాడి నోరు చూసింది.

“చిలక్కి చెప్పినట్టు చెప్పానే! గింజలొలిచి మెత్తగా ఉడకబెట్టి పెడతానన్నానా లేదా? క్లిప్పులు పెట్టించుకుని ఐదు నెలలు కాలేదు, ఊడగొట్టుకోవడం ఇది మూడోసారి!”

“మొదటిది ఐథు ముక్కమ్మా. అది నీళ్ళే కదా. రెండోది పెన్ను మూత. అదథలు తిండే కాదు.”

“నోర్ముయ్!”

మూశాడు. తీగ గుచ్చుకుంది. “అబ్బా” అని మళ్ళీ తెరిచాడు.

హాల్లో కాఫీ తాగుతున్న అక్క పడీపడీ నవ్వింది. “నిన్న వీడు ఆవలిస్తే నోట్లోంచి క్లిప్పులకేసే రబ్బరు ఎగిరొచ్చి నా కప్పులో పడిందమ్మా. ఇంకొక్క గుక్కయితే మింగేసేదాన్ని.”

చిన్నోడు అక్క మాట వినడం లేదు. వాడి కళ్ళు ఆమె కనుబొమలు పీక్కునే ప్లక్కర్ మీద పడ్డాయి. లాక్కుని అద్దం ముందుకు పరిగెత్తాడు. క్లిప్పును తనే పన్ను మీదకి జరుపుదామని చూశాడు. అద్దంలో కుడి ఎడమై కూర్చుంది. ఇటంటే చెయ్యి అటు పోతోంది. మూడోసారికి ప్లక్కర్ క్లిప్పును వదిలేసి కింది పెదవిని పట్టుకుంది.

“పెద్ద మొనగాడు బయల్దేరాడమ్మా,” అంది అక్క. “ఎవడి పళ్ళు వాడే బాగుచేసుకుంటే ఇక డాక్టర్లెందుకురా? అదిటిచ్చి బండెక్కు.”

“అలాగే వెళ్తాడా?” అమ్మ దారికి అడ్డంగా నిలబడింది. “ముందు పళ్ళు తోముకో. మొక్కజొన్న తొక్కలు తీగకి జెండాలు కట్టినట్టున్నాయి. ఆ చిన్న బ్రష్షుతో సందు సందునా తియ్యి. తీగ కొసకి మైనం పెట్టుకో. అందరి ముందూ నోరెలా తెరుస్తావో ఏమో నాయనా!”

అదే చిన్నోడి భయం కూడా. వేలాడే క్లిప్పుతో ఆ పిల్లల ముందు నోరు తెరిచాడంటే ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని, హెల్మెట్ లోపల ప్రసంగం అప్పజెప్పుకున్నాడు.

“‘స’ వస్తోందా?” అక్క అడిగింది.

“వథ్తోంది.”

స్కూటరు పాములా మెలికలు తిరిగింది. పక్కన కూరగాయల బండివాడు తిట్టాడు. అక్క నవ్వాపుకోలేక బండిని ఓ పక్కన ఆపి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిపింది.

పెద్ద డాక్టరుకు కనుబొమలు కూడా నెరిశాయి. తన కుర్చీలో ఎవరు కూర్చున్నా సొంత మనవడిని కసిరినట్టే కసురుతాడు.

“నోరు తెరు. ఏం నమిలావు?”

“ఐ... థు ముక్క.”

డాక్టరు సన్నటి కొక్కెంతో తీగ కిందనుంచి పసుపు పచ్చని తొక్కొకటి లాగి, దీపం వెలుగులో పెట్టి చూపించాడు. “ఏ చెట్టుకు కాసిందిరా ఈ ఐసు?”

వెనక నిలబడ్డ అక్క గోడకేసి తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

“ఇదేనట్రా నా దగ్గర నువ్వు నేర్చుకుంది? ఇన్నాళ్ళూ క్లిప్పులొద్దు మొర్రో అని తప్పించుకు తిరిగావు. పెట్టించుకున్నాకైనా బుద్ధుండొద్దూ? ఇంకొక్కటి ఊడనీ, ఆర్నెల్లు పొడిగిస్తా. మీ అమ్మొచ్చి బతిమాలినా విన్ను.”

నోట్లో రెండు దూది ఉండలుండగా ఎవరేం వాదిస్తారు? చిన్నోడు “ఊఁ” అన్నాడు.

పన్ను గీకి శుభ్రం చేశారు. ఆరబెట్టారు. కొత్త క్లిప్పుకు జిగురు రాసి అంటించి, నీలం లైటు పెట్టారు. ఊడొచ్చిన తీగను మళ్ళీ బిగించి కొస కత్తిరించారు. దూది తీశారు.

“ఏం తినకూడదో చెప్పు.”

“పొత్తు కొరక్కూడదు. ఐసు నమలకూడదు. గట్టి చాక్లెట్, జిగురు మిఠాయి ముట్టుకోకూడదు. పెన్ను మూత, గోళ్ళు...”

చిన్నోడు ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. “స,” అన్నాడు. “సా. సి. సీ. అక్కా, వచ్చేసింది! సు, సూ...”

గుణింతం మొత్తం కుర్చీలోనే పూర్తి చేశాడు. మెట్లు రెండేసి దిగాడు.

పదీ ఇరవయ్యైదుకు హాలు చేరారు. లోపల రెండొందల మంది గోల. వేదిక పక్క తెర వెనకాల చిన్నోడు ‘స’ గుణింతం మరోసారి అప్పజెప్పుకున్నాడు. అక్క వాడి కాలరు సర్దింది.

“నవ్వు, చూద్దాం.”

నవ్వాడు. పైనా కిందా క్లిప్పులన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి.

“ట్యూబులైటు వేసినట్టుంది. ఇక పో,” అని వీపు మీద ఒక్కటిచ్చింది.

ప్రధానోపాధ్యాయురాలు మైకు ముందు గొంతు సవరించుకుని, “పిల్లలూ, పళ్ళకు క్లిప్పులున్నవాళ్ళు వాటిని ఊడిపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పడానికి, పద్దెనిమిదేళ్ళుగా మన ఊరి పిల్లలందరికీ ఆ క్లిప్పులు పెడుతున్న డాక్టరుగారే స్వయంగా వచ్చారు!” అంది. చిన్నోడు తెర తప్పించుకుని మైకు ముందుకొచ్చి, “అందరికీ నమస్కారం,” అన్నాడు.