పెండ్లి నీళ్ళు

పెండ్లి పూజ ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ప్రియదర్శినికి నవ్వు ఆగడం లేదు.

ఆమె ముసుగు అంచు నరేష్ కోటు గుండీకి చిక్కుకుంది. ఎంత లాగినా రావడం లేదు. కొత్త మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు కట్టేసినట్టే నడిచారు.

"నవ్వకు, ఫొటోలో పండ్లన్నీ పడతాయి" అన్నాడు నరేష్.

దాంతో ఇంకా నవ్వింది.

పెండ్లయ్యాక పెండ్లికూతురు తన పూలగుత్తిని మరియమాత పాదాల దగ్గర పెట్టడం నరేష్ వాళ్ళ ఆచారం. చర్చి ఆవరణలోనే పలకరాళ్ళతో కట్టిన చిన్న గుహ, అందులో మాత స్వరూపం ఉన్నాయి. గుహ ముందు ఒక పెద్దామె జపమాల చెప్పుకుంటూ కూర్చుని ఉంది.

పూలు పెట్టబోతుంటే ఆమె మేనమామ ఏబేలు అడ్డం వచ్చాడు. ప్రియదర్శిని పుట్టింటివాళ్ళ సంఘం వేరు. అక్కడ మరియమాతను వేడుకోరు.

"మనకు ఈ అలవాటు లేదు పాపా" అన్నాడు. ఆ విసుగు పెద్దామె మీదికి మళ్ళింది. "నేరుగా కొడుకును అడగొచ్చు గదా, నడుమ అమ్మతో పనేంది?"

"కొడుకు దగ్గరికి పోయేదానికే నాయనా" అందామె నెమ్మదిగా. "ఇంట్లో ఏం తక్కువైందో ముందు అమ్మకే కనపడుతది. పోయి కొడుక్కు చెప్తది."

మామ ప్రియదర్శినిని భోజనాల వైపు నడిపించాడు. పూలగుత్తి ప్రియదర్శిని చేతిలోనే ఉండిపోయింది.

షామియానా కింద మొదటి పంక్తి కూర్చుంది. అప్పుడే వంటమాస్టర్ గోవిందయ్య వచ్చి మామ చెవిలో ఏదో చెప్పాడు. మామ ముఖం మాడిపోయింది.

డ్రమ్ములు ఖాళీ. రావలసిన ట్యాంకర్ కొనకనమిట్ల దగ్గర చెడిపోయి ఆగిందట. మే నెల ఎండలకు చర్చి బోరు ఎప్పుడో గాలి కక్కింది. సగం అన్నం ఇంకా ఉడకాలి. తాగడానికి కూడా చుక్క లేదు.

మామ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ట్యాంకర్లవాళ్ళంతా ఎక్కడో ఒకచోటికి ఒప్పుకున్నవాళ్ళే. ఎవరో నంబరిస్తే చేసిన అశోక్ అనే అతను మాత్రం, ట్యాంకర్ నిండుగానే ఉంది గానీ ఈరోజు కుదరదని పెట్టేశాడు.

పిల్లనిచ్చేవాళ్ళకు నీళ్ళు పెట్టే దిక్కు కూడా లేదని మగపెండ్లివాళ్ళలో ఒక పెద్దాయన అందరికీ వినపడేట్టు అన్నాడు. ఒకరిద్దరు బండ్లు స్టార్ట్ చేశారు.

ప్రియదర్శిని నాయన కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దున తనకంటే ముందే ముస్తాబై ఇల్లంతా తిరిగిన మనిషి. ఆమెకు ఏడుపొచ్చింది. నరేష్ ఆమె చేయి పట్టుకున్నాడు.

గుహ దగ్గరి పెద్దామె లేచి వచ్చి, ఏమైందని మామను అడిగింది.

"అన్నం కోసమా? ఇయ్యాళ మాకే దిక్కు లేదు, పోమ్మా."

ఆమె ఖాళీ డ్రమ్ములను చూసింది. తల వంచుకున్న నాయనను చూసింది. కొంగు తలమీదికి లాక్కుని ఎండలో గేటు దాటి వెళ్ళిపోయింది.

కాసేపటికి ట్యాంకర్ వచ్చింది.

గోవిందయ్య పైపు పట్టుకోవడానికి పరిగెత్తాడు. డ్రమ్ములో నీళ్ళు పడే చప్పుడు అంత బాగుంటుందని ప్రియదర్శినికి ఆరోజే తెలిసింది. తుంపర ముఖం మీద పడితే తుడుచుకోబుద్ధి కాలేదు. నాయన లేచి, వెళ్ళబోయేవాళ్ళను చేతులు పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఆ పెద్దామెను కూడా పిలుద్దామని ప్రియదర్శిని గుహ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

మామ డ్రైవర్ భుజం మీద చేయి వేశాడు. "ఫోన్లో మాట్లాడింది నువ్వేనా అశోకూ? కుదరదంటివి గదా?"

"నిజంగానే కుదరదన్నా. మా నాయన సంవత్సరీకం భోజనాలకు పట్టిన నీళ్ళు ఇవి."

"మరి తెచ్చినావే?"

అశోక్ పైపు చుట్టుకుంటూ చెప్పాడు.

"పోయిన మనిషి రేపటిదాకా ఆగుతాడు, పెండ్లి ఆగదని, ఇందాకటి వరకు ఆ గుహకాడ కూచోనున్న మా అమ్మ రోడ్డు మీద ఎదురొచ్చి బండిని ఇటు తిప్పించింది."