గ్లోరి పుట్టినరోజు

“ఆ పూల దుప్పటి పెట్టెలో ఎందుకు పెట్టావు?”

“హాస్టల్లో కప్పుకోవడానికమ్మా.”

“అది చుట్టాలొస్తే వేసేది. తియ్యి.”

“చుట్టాలు దాని మొహం చూసి ఎన్నాళ్ళయింది?” అంటూ మేఘన ఒక కొస పట్టుకుంది.

సామ్రాజ్యం రెండో కొస పట్టుకుని లాగింది.

“చిరిగితే చెరో సగం,” అన్నాడు తండ్రి సుందరరాజు, పేపరు దించకుండా.

గొడవ దుప్పటి గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

నర్సింగ్ పూర్తిచేసిన మేఘనకు ఒడిశా కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం బయల్దేరాలి. పిల్ల ఎగిరి గంతేసింది. తల్లికి మాత్రం ఆ కబురు వచ్చినప్పటి నుంచీ నిద్ర లేదు.

మోకరించి, ‘ప్రభువా, నీ చిత్తం’ అంటుంది. లేచి, ‘నువ్వు వెళ్ళడానికి వీల్లేదు’ అంటుంది.

ఆ మధ్యాహ్నం సామ్రాజ్యం గంపలగూడెంలో చెల్లెల్ని చూసి, తిరువూరు వచ్చే షేర్ ఆటో ఎక్కింది.

పక్కన ఒకావిడ, ఒళ్ళో కేకు పెట్టె. గుంట వచ్చినప్పుడల్లా పెట్టెను పసిబిడ్డలా పైకెత్తి, తనలో తనే నవ్వుకుంటోంది.

“పుట్టినరోజాండీ?”

“మా అమ్మాయి గ్లోరిదండి. సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక. మీరూ రండి. చర్చి వెనక సందే.”

“ఏం చదివిందండీ?”

“నర్సింగండీ.”

సామ్రాజ్యం తన గోడంతా వెళ్ళబోసుకుంది.

ఆవిడ పకపకా నవ్వింది. “గ్లోరిని ఉద్యోగానికి పంపేటప్పుడు నేనైతే బస్సు వెనక పరిగెత్తానండి! అదేమో కిటికీలోంచి, ‘అమ్మా, నీ చెప్పు ఊడిపోయింది చూసుకో’ అని అరుపు.”

“మరి భయం వెయ్యలేదా?”

“వెయ్యకేం? దేవుడి చేతిలో పెట్టేశాను. పెట్టాక మళ్ళీ లాక్కోలేదు.”

సామ్రాజ్యానికి ఒళ్ళు మండింది.

“కేకు కోయించే తల్లులు ఎన్నైనా చెప్తారు. నా కన్నపేగు బాధ మీకేం తెలుస్తుంది?”

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. “తప్పకుండా రండి,” అని దిగిపోయింది.

ఇంటికొచ్చి భర్తకూ కూతురికీ అదంతా ఏకరువు పెట్టినా, ఆ నవ్వు సామ్రాజ్యాన్ని వదల్లేదు. తల్లికి అంత ధీమా ఇచ్చిన పిల్ల ఎలా ఉంటుందో చూడాలనిపించింది. సాయంత్రం చీర మార్చుకుని బయల్దేరింది.

భోజనాల వేళకు తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోట్లో మాత్రం కూనిరాగం. అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది.

“మేఘన సోమవారం వెళ్తుంది. బెజవాడలో రైలెక్కించేది నేనే.”

సుందరరాజు ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. “పొద్దున యుద్ధం చేసింది నువ్వేనా?”

“నేనేనండీ. ఇవాళ కంటినిండా నిద్రపోతాను, లేపకండి.”

మేఘన ఎంగిలి చేత్తోనే తల్లి మెడ వాటేసుకుంది.

“నా చీర! నా చీర!” అంటూ సామ్రాజ్యం నవ్వేసింది.

“ఇంతకీ ఆ గ్లోరి ఏం చెప్పిందమ్మా? ఏ ఆసుపత్రిలో చేస్తోందట?”

సామ్రాజ్యం కూతురి కంచంలో ఇంకాస్త కూర వేసింది.

“ఆటోలో అన్న మాటకు క్షమించమని ఆవిడ చేతులు పట్టుకున్నానే. కేకు ముక్క నా నోట్లో పెట్టి ఊరుకుంది.”

“ఎందుకమ్మా?”

“గ్లోరి కరోనా వార్డులో పనిచేస్తూ ఆ జబ్బుతోనే పోయింది, ఆవిడ మాత్రం అలాంటి పిల్లను ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పి, ఏటా పుట్టినరోజే చేస్తోంది.”