తుప్పు నిద్ర

వానలకు పొంగిన కొండవాగు ఇనుప నలుసులను చెరువులోకి మోసుకొచ్చింది. అవి మిలమిలా మెరుస్తూ, ఒక్కచోట నిలవకుండా, కనబడ్డవాళ్ళందరినీ గీరుతూ తిరిగాయి.

నత్తమ్మ తన గుల్ల తలుపు తీసింది. "లోపల చోటుంది, రండర్రా! మీ దుడుకు మాత్రం గుమ్మంలోనే వదిలి రావాలి."

వచ్చిన ప్రతి నలుసూ గుమ్మంలో దుడుకు వదిలేసి, నీటిలోని గాలి పీల్చి, గోధుమరంగుకు తిరిగి, లోపల ముడుచుకు పడుకుంది.

కొర్రమీను పగలబడి నవ్వింది. "మెరిసే ఇనుమును తుప్పు పట్టిస్తావా? నీకు చేతకాదు, నేను చూసుకుంటా!" అంటూ మిగిలిన నలుసులను తన బొరియకు పిలుచుకుపోయింది.

మర్నాటికి దాని మొప్పలు గీరుకుపోయి, నెత్తురు కారి, ఒళ్ళు పాలిపోయింది. "నత్తమ్మా, నీకు పుణ్యముంటుంది, వీళ్ళనీ పడుకోబెట్టు!"

నత్తమ్మ వాళ్ళనీ పడుకోబెట్టింది. తర్వాత ఒకణ్ణి తట్టి లేపి, వాడి దుడుకు వాడికి తిరిగిచ్చి, "వీణ్ణొక్కణ్ణే తీసుకెళ్ళు, ఒంటికి కొంచెం ఇనుము కావాలి, పోయిన నెత్తురు మళ్ళీ పట్టిస్తాడు. మిగతావాళ్ళను అవసరమైనప్పుడు లేపుతా" అంది.

ఇప్పుడు ఆ గుల్ల పక్కన ఎవరు గట్టిగా మాట్లాడినా కొర్రమీనే కసురుతుంది.

"ష్! లోపల పిల్లలు తుప్పు పడుతున్నారు."