అప్పగింత పాట

కీసరగుట్ట అని పేరు పెట్టుకున్న ఆయన గ్రూపులో పెట్టిన పాటల మిక్స్‌లో అప్పగింత పాట లేదు.

సంతోషి వెనక్కి జరిపి మళ్లీ విన్నది. లేదు. ఆఖరి పాట అయిపోయింది, అంతే. ఈ ఒక్కటి వినేసి ఫోన్ పక్కన పెట్టేద్దామనుకున్న మనిషి మంచం మీద నుంచి లేచి నిలబడింది.

ఆ గ్రూపులో అందరూ పాటల పిచ్చోళ్లే. వారానికొకరు తమకు నచ్చిన పాటలు ఏరి, వరుసగా కూర్చి, మధ్యలో రెండు ముక్కలు మాట్లాడి పెడతారు. మిగతావాళ్లు విని మెచ్చుకుంటారు, లేదంటే పోట్లాడతారు. అందరివీ మారుపేర్లే. అసలు పేర్లు ఎవరూ అడగరు. ఉన్న పద్ధతల్లా ఒకటే. మిక్స్ చివర ఒక పాట తర్వాతి వంతువాళ్ల కోసం వదలాలి. వాళ్లు దాంతోనే మొదలుపెట్టాలి. అదే అప్పగింత పాట. దీన్ని నీ చేతిలో పెడుతున్నా, నువ్వేం చేస్తావో వినడానికి మళ్లీ వస్తా అని దాని అర్థం.

వదలకపోతే, మళ్లీ రానని.

గ్రూపులో ఎవరికీ అది తట్టలేదు. "అన్న మర్చిపోయిండు" అని ఒకరు రాశారు. "పోయిన వారం మిక్స్‌ల గూడ లేకుండె. అందరికీ మతిమరుపు పట్టింది" అని సన్నీ అనే అతను నవ్వు బొమ్మలు పెట్టాడు.

సంతోషికి నవ్వు రాలేదు. అది మరుపు కాదని ఆమెకు ఖాయంగా తెలుసు.

కీసరగుట్ట మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతును బట్టి యాభై దాటినట్టుంటాడు. "జర నిమ్మళంగ ఇనుండ్రి" అంటూ పాట మొదలుపెడతాడు. మాది నాచారం అని ఒకసారి అన్నాడు. నేను ఉప్పల్ అని ఆమె రాస్తే, "గింత దగ్గర్నేనా చెల్లె" అన్నాడు. అక్కడితో సరి. ఎప్పుడూ మిక్స్ మీద ఏదో గీసిన బొమ్మ పెట్టేవాడు. ఈసారి ఫోటో పెట్టాడు. ఒక డాబా, నీలం రంగు నీళ్ల ట్యాంకు, కింద సందులో మైసమ్మ పిండిగిర్ని అని బోర్డు.

వెతుక్కుంటూ పోవడానికి ఆ బోర్డు చాలు. తలుపుకి తాళం కూడా వెయ్యకుండా బయటపడింది.

మెట్ల దగ్గర పక్కింటి ఉమారాణి కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తోంది. పొద్దున సంతోషి ఇచ్చిన కుండీయే అది.

"ఊరికి పోతున్న, చెట్టు నువ్వే ఉంచుకో అంటివి. మరి సంచేది?"

"జర పనుంది అక్కా."

రింగ్‌రోడ్డు దగ్గర ఆటో దొరికింది. దొరికిందన్న మాటే గానీ కదలదే. బస్సులు, లారీలు, ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ము.

"జల్ది పో అన్నా, నీకు దండం పెడతా."

"మల్లాపూర్ కంపెనీలు ఇడిసే టైం గదమ్మా, గిట్లనే ఉంటది" అన్నాడు డ్రైవర్.

వారంగా ఆమె గ్రూపులో ఎవరికీ జవాబు రాయలేదు. ఇప్పుడు రాసింది.

"అన్నా, ఉన్నవా? నీ రెండో పాట ఎవరు పాడిన్రు?"

పాట సంగతి ఆమెకు తెలుసు. అతను ఫోన్ పక్కన పెట్టకూడదు, అంతే. అతను చూసినట్టు ఫోన్‌లో టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మరో పాట గురించి అడిగింది. ఇంకోదాని గురించి అడిగింది. అప్పుడొచ్చింది జవాబు.

"ట్యాంకు కాడ కూసున్న చెల్లె. గాలి మంచిగుంది."

"నేనొస్తున్న. నేనొచ్చేదాక ఆడికెల్లి లేవద్దు."

"నిజంగ ఇంట్లకెల్లి ఎల్లినవా?"

"ఎల్లిన. ఆటోల ఉన్న."

"రా మరి."

ఆ నింపాది చూసి ఆమెకు ఇంకా భయమేసింది. అంతా తేల్చేసుకున్న మనిషే అంత నిమ్మళంగా మాట్లాడతాడు. నాచారంలో ఆటో మళ్లీ ఆగిపోతే చేతికొచ్చిన నోటు డ్రైవర్ చేతిలో పెట్టి దిగి పరుగెత్తింది. ఒక చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేసింది. దారిన పోయేవాళ్లను పిండిగిర్ని ఎక్కడని అడుగుతూ సందులన్నీ తిరిగింది.

గిర్ని ముందు చేతులనిండా పిండితో ఒకామె నిలబడి ఉంది. ఎవరు నువ్వని అడగలేదు.

"మా ఆయన మీదనే ఉన్నడు. పో బిడ్డా" అన్నది.

సంతోషి మెట్లెక్కింది. ప్రతి మెట్టుకీ పైనుంచి ఏం వినబడుతుందోనని చెవి పెట్టింది. డాబా తలుపు తోసింది.

నెరిసిన జుట్టు మనిషి ట్యాంకుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు, రెండు గ్లాసులు. ఆమె గబగబా వెళ్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం పని అన్నా ఇది? కింద నీ ఇంటామె ఉన్నది. గ్రూపుల గింతమందిమి ఉన్నం. ఎవలికన్నా ఒక్క మాట జెప్పొద్దా? పొద్దు గట్లనే ఉంటదా, మారదా? నువ్వు పోతే నీ గొంతు కోసం ఎదురుచూసేటోళ్లు ఏంగావాలె?"

ఏడుస్తూనే తిట్టింది. అతను అన్నీ అయ్యేదాకా విన్నాడు. తర్వాత ఫ్లాస్కు మూత తీసి, టీ పోసి, ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

"పోయిన వారం అప్పగింత పాట పెట్టకుండ మిక్స్ ముగించింది నువ్వే గదా చెల్లె, నిన్ను ఆ ఇంట్లకెల్లి బయటికి గుంజుకొచ్చేతందుకు నాకు వేరే తొవ్వ దొరకలె."