మూడో నంబరు మంచం

ఊపిరితిత్తుల ఆస్పత్రిలో రోగులు గొంతు పెంచకూడదు. వాళ్ల మనుషులు ముళ్లకంచె దాటకూడదు.

అందుకే టైలరమ్మ రోజూ నాలుగింటికి మిషను ఆపేసి వచ్చి కంచె పట్టుకుని నిలబడేది. దూరంగా వరండాలో మంచాల వరస. అంత దూరానికి మొహాలు ఆనవు. మూడోది ఆమె భర్తది.

అతను చెయ్యెత్తేవాడు. ఆమె చెయ్యెత్తేది. ఏడాదిగా వాళ్ల కాపురం అంతే.

ఇంటికెళ్లగానే అత్తగారు అడిగేది.

"చెయ్యెత్తాడా?"

"ఎత్తాడత్తయ్యా."

అప్పుడుగానీ ఆ ముసలామె ముద్ద ముట్టేది కాదు.

యుద్ధం వచ్చింది. సగం ఆస్పత్రి సైన్యం తీసుకుంది. రెండ్రోజులు లారీల హడావుడి. మూడోరోజు టైలరమ్మ గుండె చేత్తో పట్టుకుని వెళ్లింది. మూడో మంచం మీంచి చెయ్యి లేచింది, కాస్త ఆలస్యంగా.

మందులు కరువయ్యాయి. టపా ఆగిపోయింది. సిపాయిల చొక్కాలు కుడుతూ ఆమె శత్రువుల్ని నోరారా తిట్టేది. వాళ్ల వంశం నాశనం కావాలని కూడా అంది.

చలి ముదిరాక ఎర్ర ఉన్నితో టోపీ అల్లి గేటు దగ్గర ఆయాకిచ్చింది. పేరు చెప్పబోతే ఆయా వినలేదు.

"పేర్లు నాకెందుకమ్మా, మంచం నంబరు చెప్పు."

"మూడు."

మర్నాడు ఎర్ర టోపీ మంచం మీద లేచి కూర్చుంది. పడుకునే చెయ్యెత్తే మనిషి లేచి కూర్చున్నాడని ఆమె దారి పొడుగునా ఏడ్చింది.

చలి తగ్గుతుండగా ఒకరోజు మూడో మంచం ఖాళీగా కనబడింది. పరుపు చుట్టేసి ఉంది. అత్తగారితో మాత్రం ఎత్తాడనే చెప్పింది.

నాలుగోరోజు భర్త నడిచి ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు, కానీ నయమై వచ్చాడు.

ఏడుపులయ్యాక ఆమె టోపీ ఏదని అడిగింది.

"ఏ టోపీ?"

లారీలొచ్చిన రోజే తనని నది అవతలి ఆస్పత్రికి పంపేశారని చెప్పాడు. రెండు ఉత్తరాలు రాశాడట.

భర్త కళ్లెదుటే ఉన్నాడు. అయినా నాలుగయ్యేసరికి టైలరమ్మ కాలు నిలవలేదు. గేటు దగ్గరికి పరుగెత్తింది.

ఆయా లోపల్నుంచి ఎర్ర టోపీ తెచ్చిచ్చింది. వేణ్ణీళ్లలో మరిగించారు కాబోలు, ముడుచుకుపోయింది.

మనిషి నాలుగు రోజుల కిందట పోయాడట. అతని కోసం ఇంకెవరూ వచ్చేవాళ్లు కాదట. మూడున్నరకే మొహం తుడవమని, వీపు కింద దిండు పెట్టమని సైగ చేసేవాడట. నువ్వు జాలిపడి వస్తున్నావనుకున్నానంది ఆయా.

టైలరమ్మ టోపీని గుండెకి అదుముకుంది.

"వాళ్లమ్మకి ఉత్తరం రాస్తాను. ఏ ఊరో చెప్పు."

ఆయా తల దించుకుంది.

"ఆ దేశానికి ఇప్పుడు ఉత్తరాలు పోవమ్మా. మనవాళ్లకి పట్టుబడ్డ శత్రు సిపాయి అతను."