మొహమే కార్డు

“మీసం కారుతోంది బాబూ, తుడుచుకో,” అన్నాడు కామిక్స్ షాపాయన.

కౌంటరు ముందు నిలబడ్డ కుర్రాడు గబుక్కున పైపెదవి తడుముకున్నాడు. వేళ్లకి కాటుక అంటింది. మెట్లు దిగి, రోడ్డుకి అవతల ఆగి ఉన్న తనిఖీ ఆఫీసు జీపెక్కాడు.

“ఈ నెలలో ఇది నాలుగో ఎర!” అని షాపాయన లేని మీసం మెలేశాడు.

వెనకాల బల్ల దగ్గర ఆయన భార్య కొత్త పుస్తకాల్ని నల్ల కవర్లలో పెట్టి అంటిస్తోంది. తలెత్తలేదు. ఈ మీసం మెలేయడం చూడ్డం ఆవిడకి అలవాటే.

పెద్దవాళ్ల కామిక్సు పిల్లలకి అమ్మకూడదని నిబంధన వచ్చి ఏడాదైంది. వాటిని నల్ల కవర్లో మూసి పై అరలో పెట్టాలి. కొనేవాళ్ల కార్డు చూసి, పద్దెనిమిది నిండితేనే ఇవ్వాలి. షాపులవాళ్లు మాట వింటున్నారో లేదో చూడ్డానికి ఆఫీసువాళ్లు ఎరల్ని పంపుతారు. ఎరకి కార్డు ప్రకారం పద్దెనిమిది లోపు ఉండాలి. వేషం ఎలా వేసుకున్నా, నోటితో మాత్రం అబద్ధం చెప్పకూడదు. అడిగితే కార్డు తీసి చూపించాలి.

మొదట్లో షాపాయన రెండుసార్లు పప్పులో కాలేశాడు. ఒకసారి నిజం గడ్డమే ఉన్న పదిహేడేళ్లవాడు. ఇంకోసారి వాళ్లమ్మ చీర కట్టుకొచ్చిన పిల్ల. ఆ రెండు నోటీసులూ గోడ మీద మేకుకి వేలాడుతున్నాయి. మూడోది వచ్చిందా, షట్టరుకి సీలే. తండ్రి పెట్టిన షాపు, ఇంకో పని చేతకాదు. ఆ బెంగతో పాపం ఆయనకి కొన్నాళ్లు తిండి సయించలేదు.

తర్వాత విద్య పట్టుబడింది. వేలి మీద సిరా మరక, బూటు లేసులో ఇరుక్కున్న ఆటస్థలం మట్టి, ‘అంకుల్’ అనబోయి నాలుక్కరుచుకోవడం... ఏదీ ఆయన కంట్లోంచి తప్పించుకోలేదు. దాంతో ఆ కళ్లు కాస్తా నెత్తికెక్కాయి.

“మొహం చూసి చెప్పేస్తానే. ఇంక కార్డుతో పనేంటి?”

“మొహం చూడమని రాయలేదండీ, కార్డు చూడమని రాశారు. అదీ అందరిదీ,” అంది భార్య.

“బట్టతలవాణ్ణి పట్టుకుని నీకు పద్దెనిమిది నిండాయా అంటే తన్నిపోతాడు!”

మర్నాడు మధ్యాహ్నం షాపులోకి ఒక బామ్మగారు వచ్చారు. ముగ్గుబుట్టలాంటి తల, చేతిలో గొడుగు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఆ మాటకొస్తే కొరకడానికి పళ్లూ లేవు.

“నాయనా, ఆ పై అరలో నల్ల కవరు ఒకటియ్యి.”

షాపాయన స్టూలెక్కబోయి ఆగాడు. “మనవడికా బామ్మగారూ? పిల్లలకి ఇస్తానంటే మాత్రం ఇవ్వను.”

“మనవడూ లేడు, మునిమనవడూ లేడు. నాకే. పొద్దు పోవడం లేదు. ఇదిగో కార్డు, చూసుకో.”

“మీకు కార్డెందుకండీ? మీ మొహమే కార్డు!”

“అలా అనకు నాయనా. రూలు ఉందిగా, ఓసారి చూడు.”

“ఊరికే అడుగుతా గానీ, పద్దెనిమిది నిండాయా మీకు?”

“కార్డు చూసి నువ్వే చెప్పు.”

షాపాయన పగలబడి నవ్వాడు. కళ్లజోడు జారి కౌంటరు మీద పడింది. బామ్మగారు నవ్వలేదు. “నువ్వు నవ్వుతావు గానీ నా పాట్లు నావి. రెండేళ్లబట్టీ ఒక చిన్న పని కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. బస్సెక్కితే అర టిక్కెట్టు కొడతారు. ఆసుపత్రికి వెళ్తే టీకా వేయించుకోమంటారు.”

“అర టిక్కెట్టు మంచిదేగా! మీ వయసుకి ఆ మాత్రం మర్యాద చెయ్యద్దూ?”

వెనకనుంచి భార్య ఉండబట్టలేక, “ఏమండీ, ఆవిడే ఇస్తున్నారుగా, ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోయింది?” అంది.

“పెద్దావిణ్ణి అవమానించమంటావా?” అని ఆయన స్టూలెక్కి, అన్నిటికన్నా లావుపాటి కవరు ఏరి, రెండు చేతులతో అందించాడు. బామ్మగారు ఆయన వంక ఒక్క క్షణం జాలిగా చూశారు. కార్డు మూడోసారి కౌంటరు మీదకి జరిపారు. ఆయన దాన్ని వెనక్కి జరిపి దణ్ణం పెట్టాడు.

బామ్మగారు నిట్టూర్చి, గుమ్మం దాకా వెళ్లి, ఎండా వానా లేకుండానే గొడుగు విప్పారు.

పక్కసందులోంచి జీపు వచ్చి ఆగింది. ఆ రెండు నోటీసులూ ఇచ్చిన అధికారిణే దిగింది. చేతిలో మూడోది.

“ఎవరికమ్మానండీ?” షాపాయన గొంతు లేచింది. “పొద్దుట్నుంచి ఈ బామ్మగారికి తప్ప ఎవరికీ అమ్మలేదు! కావాలంటే లోపలికొచ్చి చూసుకోండి!”

“ఆవిడ కార్డు చూశారా?”

“చూడాలా? ఆ తల చూడండి! ఆ చర్మం చూడండి!”

“మూడుసార్లు ఇచ్చాను నాయనా,” అన్నారు బామ్మగారు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “దిద్దండర్రా మొర్రో అంటే, దిద్దేదాకా మాకు సాయం చెయ్యమని వీళ్లు జీపెక్కించారు.”

అధికారిణి కార్డు తీసుకుని కౌంటరు మీద పెట్టింది. షాపాయనకి కళ్లజోడు చేతికి దొరకలేదు. భార్య వచ్చి, కార్డు వెలుతురుకి పట్టుకుని చదివి, అక్కడే స్టూలు మీద కూలబడింది.

ఫొటో బామ్మగారిదే, వేలిముద్రా బామ్మగారిదే. ఏ గుమస్తా చెయ్యి జారిందో గానీ, పుట్టిన సంవత్సరం ప్రకారం మాత్రం ఆవిడకింకా తొమ్మిదేళ్లు నిండలేదు.