పన్నెండో మనిషి

"ఇది నువ్వు నొక్కుతున్నావా అక్కా?" తమ్ముడు ఫోన్ చూపించాడు.

బావ పోయి తొమ్మిది రోజులైంది. అయినా తమ్ముడు తయారుచేసిన మందుల యాప్‌లో, ఆయన పేరు పక్కన రోజూ ఎనిమిదింటికల్లా 'వేసుకున్నాను' అని పడుతూనే ఉంది.

"నేనే." అక్క బావ చొక్కా మడతపెడుతూనే చెప్పింది. "యాప్ వాడి చూడ్డానికి పన్నెండు మంది కావాలంటే, పన్నెండో మనిషి దొరక్క నువ్వేగా ఆయన కాళ్ళావేళ్ళా పడ్డావు? పద్నాలుగు రోజుల్లో ఒక్కరు మానేసినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, యాప్ స్టోర్ వాళ్ళు దాన్ని బయటికి వదలనివ్వరు అన్నావు. మిగతావాళ్ళు సరిగ్గా వాడుతున్నారా?"

"రోజూ ఫోన్ చేసి గుర్తుచెయ్యాల్సొచ్చింది."

"మీ బావకి చెయ్యక్కర్లేదు."

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకెన్ని రోజులు నొక్కాలిరా?"

పద్నాలుగు రోజుల గడువు నిన్నటితో తీరిపోయింది. యాప్‌కి అనుమతి కూడా పొద్దున్నే వచ్చేసింది. ఇక చాలక్కా, ఆపెయ్ అని చెప్పడానికే అతను వచ్చాడు.

అక్క లేచి బావ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టింది. ఎక్కుతోందో లేదో వంగి రెండుసార్లు చూసింది.

"ఇంకా చాలా రోజులు పడుతుందక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వు మాత్రం మానకు."